పాలమూరు ఆముదాలు - బాక్టీరియా చేసే ఆమ్లాలు

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అన్న సామెతను పుట్టించిన వారెవరో గాని, వారు ఒక్కసారైనా నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల తాలూకాల ఎర్ర చలకలు చూసి ఉంటారని నాకు గట్టి నమ్మకం. కాలువ లేదు, చెరువు నిండదు, బావి అడుగంటిపోయింది. అలాంటి చోట మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడితే విత్తనం వేసి, ఆపైన వాన ముఖం చాటేసినా ఎంతో కొంత ఇంటికి వచ్చే పంట ఆముదం. పశువు మేయదు, పిట్ట వాలదు, కావలి అక్కరలేదు. బీదవాడి పంట అని పేరు పడింది.

మన సంఘం ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. గద్వాల, వనపర్తి సంస్థానాల గురించి, ఆలంపురం గుళ్ళ గురించి వ్రాయగల పెద్దలు మన సభ్యులలో చాలామందే ఉన్నారు. నేను తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరి, పట్వారీలు తెచ్చే పహాణీల మధ్య, పంటల లెక్కల మధ్య సర్వీసు గడిపినవాడిని. ఆ లెక్కలలో ఏటేటా తప్పకుండా కనిపించిన మాట ఆముదాలు. కాబట్టి ఆ గింజ చరిత్రే వ్రాస్తానని ఒప్పుకున్నాను. అయితే ఆ చరిత్ర మన చేలతో ఆగలేదు. ఆ గింజలో ఉన్న ఆమ్లం నుంచి తీసే సరుకులను ఇప్పుడు చైనాలో, ఐరోపాలో సూక్ష్మజీవుల చేత తయారు చేయిస్తున్నారు. జన్యువులు మార్చిన బాక్టీరియా అనే మాట పత్రికల్లో చూసి, అది మనకు సంబంధించిన సంగతి కాదని పేజీ తిప్పేసేవారి కోసం ఈ వ్యాసం.

ముందు ఆముదం సంగతి. మన ఇళ్ళలో కిరసనాయిలు రాక ముందు దీపం ఆముదానిదే. పుట్టిన బిడ్డ మాడుకు ఆముదం, బాలింతకు ఆముదం, బండి ఇరుసుకు ఆముదం, కడుపు శుద్ధికి సరేసరి. ఇంట్లో తీసేది వంటాముదం. గింజలను దోరగా వేయించి, రోట్లో దంచి, నీళ్ళు పోసి పొయ్యి మీద గంటల తరబడి ఉడికిస్తే నూనె పైకి తేలేది. దాన్ని గరిటెతో తీసి, మళ్ళీ కాచి, తేమ పోగొట్టి సీసాలకు ఎత్తేవారు. ఆ వాసన వీధి మొదట్లోకే తెలిసేది. గింజలో రిసిన్ అనే ఘోరమైన విషం ఉంది. అది నూనెలోకి దిగదు, పిండిలో ఉండిపోతుంది. ఉడికిస్తే దాని బలం పోతుంది. రసాయన శాస్త్రం పేరు వినని మన నాయనమ్మలు చేసిన పద్ధతి ఎంత క్షేమమైనదో చూడండి. మిగిలిన చెక్కను పశువులకు పెట్టకుండా పొలానికే వేసేవారు.

ఈ నూనెకు లోకంలో మరే నూనెకూ లేని ఒక గుణం ఉంది. వేరుశెనగ, నువ్వులు, కుసుమ, ఏ నూనె తీసుకున్నా అందులో నాలుగైదు రకాల కొవ్వు ఆమ్లాలు కలగాపులగంగా ఉంటాయి. ఆముదంలో మాత్రం నూటికి 85 నుంచి 90 పాళ్ళు ఒకే ఒక్క ఆమ్లం. దాని పేరు రిసినోలిక్ ఆమ్లం. పద్దెనిమిది కర్బన పరమాణువుల గొలుసు అది. పన్నెండో పరమాణువు దగ్గర ఆక్సిజను, హైడ్రోజను కలిసిన ఒక కొక్కెం ఉంటుంది. ఆ కొక్కెం వల్లనే ఆముదం చిక్కగా ఉంటుంది, పెట్రోలులో కరగదు, వేడికి తొందరగా పలచబడదు. ఆ కొక్కెం దగ్గర పట్టుకుని గొలుసును తమకు కావలసిన చోట తెంపవచ్చునని రసాయన శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మిగిలిన కథ అంతా అక్కడి నుంచే వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంజన్లు చాలావరకు గిర్రున తిరిగే రకానివి. పెట్రోలులో కలిసిపోని కందెన కావాలంటే ఆముదమే దిక్కయింది. ఇంజను నుంచి చిమ్మే ఆముదపు తుంపర మింగి పైలట్లకు విరేచనాలు పట్టుకునేవట. దొరలకైనా మన నాయనమ్మ మందు పని చేసిందన్నమాట. కాస్ట్రాల్ అనే నూనె డబ్బా మనకు పెట్రోలు బంకులలో కనిపించేదే. ఆ పేరు ఆముదానికి ఇంగ్లీషు పేరైన క్యాస్టర్ నుంచి వచ్చింది. ఆ రోజుల్లో దేశంలో ఆముదాలు విరివిగా పండే ప్రాంతాలలో నిజాం రాజుగారి హైదరాబాదు రాష్ట్రం ముందు వరుసలో ఉండేది.

తర్వాత వచ్చినది నైలాను యుగం. ఆముదాన్ని కాస్టిక్ సోడాతో కలిపి బాగా వేడి చేస్తే గొలుసు తెగి, పది కర్బనాల సెబాసిక్ ఆమ్లం వస్తుంది. టూత్ బ్రష్ కుచ్చుకు వాడే ఒక రకం నైలానుకు, విమానాల కందెనకు, ప్లాస్టిక్కును మెత్తబరిచే ద్రావకానికి అది ముడిసరుకు. వేరొక విధంగా, చాలా ఎక్కువ వేడిలో తెంపితే పదకొండు కర్బనాల అన్‌డెసిలినిక్ ఆమ్లం వస్తుంది. తామరకు వ్రాసుకునే కొన్ని మలాములలో ఉండేది అదే. ఆ పదకొండు కర్బనాల ముక్క నుంచే ఫ్రాన్సు వారు 1940 ప్రాంతాలలో రిల్సాన్ అనే నైలాను చేశారు. లారీల బ్రేకు గొట్టాలకు, పెట్రోలు గొట్టాలకు నేటికీ అది వాడుతున్నారు. దాన్ని చేసే ఆర్కెమా కంపెనీ 2022లో సింగపూరులో కొత్త ఫ్యాక్టరీ కూడా తెరిచింది. ఆ ఫ్యాక్టరీకీ ముడిసరుకు ఆముదమే.

మన హైదరాబాదు పాత్ర కూడా తక్కువది కాదు. 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన పరిశోధనశాలే స్వాతంత్ర్యం తర్వాత 1956లో కేంద్రం చేతికి వచ్చి రీజినల్ రిసెర్చి లాబరేటరీ అయింది. 1989 నుంచి దాన్ని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ అంటున్నాము. తార్నాక బస్సు ఎక్కినవారందరికీ తెలిసిన ప్రహరీగోడ అది. అక్కడ నూనెల విభాగంలో కె.టి. ఆచయ గారు ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి, ఆముదం నుంచి ఏమేమి రసాయనాలు చేయవచ్చునో విస్తారంగా పరిశోధించారు. భారతీయ ఆహార చరిత్రకారుడుగా ఆయనకు పేరు వచ్చినది తర్వాతి కాలంలో. రాజేంద్రనగర్‌లో 1977లో నూనెగింజల పరిశోధన డైరెక్టరేటు వచ్చింది.

మన జిల్లాలోనే బిజినేపల్లి దగ్గర పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. క్రాంతి, హరిత, కిరణ్ అనే ఆముదం రకాలు, పి.సి.హెచ్-111 అనే సంకర రకం అక్కడివే. ఈ కేంద్రం గురించి మన పత్రికలు వ్రాసినది బహు తక్కువ. సంస్థానాల కోటల మీద వ్రాసినంత కాకపోయినా, పదో వంతైనా వ్రాయవలసింది. ఎందుకంటే వానకు నిలిచి, ఎండు తెగులుకు తట్టుకునే గింజ కోసం అక్కడివారు పడిన శ్రమ మన చలక రైతు ఇంట్లో నేరుగా తేలింది. ఒక్క బూజు తెగులు మాత్రం లొంగలేదు. గెలలు కట్టే వేళకు ముసురు పట్టిందంటే, వారం రోజుల్లో గెల మొత్తం బూడిద రంగు బూజుతో కుళ్ళిపోతుంది. ఆకులను జల్లెడ చేసే దాసరి పురుగుకు మందైనా ఉంది గాని, ముసురుకు ఏ మందు కొట్టగలం?

ఇప్పుడు సూక్ష్మజీవుల దగ్గరకు వద్దాం. ఆమ్లాలకూ సూక్ష్మజీవులకూ ఉన్న చుట్టరికం పాతది. రాత్రి పాలలో తోడు వేస్తే తెల్లవారేసరికి పెరుగు తోడుకోవడం బాక్టీరియా పనే. పాలలోని చక్కెరను తిని అది లాక్టిక్ ఆమ్లం విడుస్తుంది. స్వీడన్‌లో షీలే అనే మందుల దుకాణం ఆయన పులిసిన పాల నుంచి 1780లో ఆ ఆమ్లాన్ని వేరు చేశాడు. 1784లో నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లాన్ని, అంతకు ముందే టార్టారిక్ ఆమ్లాన్ని వేరు చేశాడు. మన చింతపండు పులుపు ఆ టార్టారిక్ ఆమ్లానిదే. పాలు పులియడం వెనుక ఒక ప్రాణి ఉన్నదని 1857లో లూయీ పాశ్చర్ చూపించాడు.

సిట్రిక్ ఆమ్లం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఆముదానికి దగ్గర పోలిక అదే. మన వంటింట్లో నిమ్మ ఉప్పు అని పిలిచే తెల్లని పలుకులు అవి. వంద సంవత్సరాల క్రితం ప్రపంచానికి కావలసిన నిమ్మ ఉప్పు దాదాపు అంతా ఇటలీ నుంచి వచ్చేది. సిసిలీ దీవిలో నిమ్మతోటల రైతులు పండ్లు పిండి, రసాన్ని సున్నంతో గడ్డకట్టించి పీపాలలో ఎగుమతి చేసేవారు. 1893లోనే జర్మనీలో వేమర్ అనే శాస్త్రజ్ఞుడు కొన్ని బూజులు చక్కెర తిని ఇదే ఆమ్లం చేస్తాయని గమనించాడు. 1917లో అమెరికాలో జేమ్స్ కర్రీ, నల్లగా పట్టే జాతి బూజు ఒకటి ఈ పనికి శ్రేష్ఠమని తేల్చాడు. 1919లో ఫైజర్ కంపెనీ బ్రూక్లిన్‌లో ఆ బూజుతో తయారీ మొదలుపెట్టింది. కొద్ది సంవత్సరాలలోనే ఇటలీ గుత్తాధిపత్యం పోయింది. ఇప్పుడు లోకంలో వాడే నిమ్మ ఉప్పు దాదాపు మొత్తం బూజు చేసినదే, నిమ్మకాయ నుంచి వచ్చినది కాదు. అప్పటికి జన్యువులు మార్చే విద్య పుట్టనే లేదు. ప్రకృతిలో దొరికిన బూజే ఒక దీవి రైతుల ఎగుమతిని మింగేసింది.

జన్యువు అంటే ఏమిటో మన భాషలో చెబుతాను. ప్రతి జీవకణంలోనూ ఒక రికార్డు రూము ఉంది. డి.ఎన్.ఏ. అనే పొడవైన దారం మీద ఆ జీవి చేయగల పనులన్నీ వ్రాసి ఉంటాయి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క కాగితం. ఆ కాగితమే జన్యువు. కణం ఆ కాగితానికి నకలు తీసి, అందులో ఉన్న ప్రకారం ఒక ఎంజైము తయారు చేసుకుంటుంది. ఎంజైము అసలు పని చేసే జవాను. 1973లో అమెరికాలో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ కలిసి, ఒక జీవి రికార్డులోని కాగితాన్ని కత్తిరించి, బాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డి.ఎన్.ఏ. వలయంలో అతికించి, మళ్ళీ బాక్టీరియాలోకి పంపారు. బాక్టీరియాకు సొంత కాగితం ఏదో, వచ్చి చేరిన కాగితం ఏదో తెలియదు. ఉన్నదంతా అమలు చేస్తుంది. పైగా ఇరవై నిమిషాలకు ఒకటి రెండవుతుంది, వచ్చి చేరిన కాగితానికి కూడా నకళ్ళు తీసుకుంటూ.

ఇందులో అనుమానించవలసినది ఏమీ లేదు. మన సభ్యులలో పొద్దున్నే ఇన్సులిన్ పొడుచుకునే వారు అందరూ ఈ విద్య ఫలం అనుభవిస్తున్నవారే. మనిషి ఇన్సులిన్ జన్యువును ఇ. కోలి అనే పేగు బాక్టీరియాలో పెట్టి 1978లో ఇన్సులిన్ చేయించారు, 1982లో అది మందుగా అమ్మకానికి వచ్చింది. అంతకు ముందు పందుల, ఆవుల క్లోమగ్రంథుల నుంచి తీసేవారు. మన హైదరాబాదులో వరప్రసాదరెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను ఇదే విద్యతో, కాకపోతే బాక్టీరియాకు బదులు ఈస్టు కణాలలో తయారు చేసి, విదేశీ టీకా ధర కంటే ఎంతో తక్కువకు తెచ్చింది. మనుమలకు, మనుమరాళ్ళకు ఆ టీకా వేయించిన ఇళ్ళు మన సంఘంలో ఎన్ని లేవు!

మందుకు జన్యువు పెట్టడం ఒక ఎత్తు. ఆమ్లాన్ని టన్నుల లెక్కన చేయించడం ఇంకొక ఎత్తు. ఇన్సులిన్ గ్రాములలో అమ్ముతారు, ఆమ్లం బస్తాలలో అమ్మాలి. 1994లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో డ్రాత్స్, ఫ్రాస్ట్ అనే ఇద్దరు, వేరే బాక్టీరియాల నుంచి మూడు జన్యువులు తెచ్చి ఇ. కోలిలో పెట్టారు. రెండు క్లెబ్సియెల్లా అనే బాక్టీరియావి, ఒకటి అసినెటోబాక్టర్‌ది. మామూలు చక్కెర తిని అది మ్యూకానిక్ ఆమ్లం చేసింది. దానికి హైడ్రోజను పట్టిస్తే నైలానుకు మూలమైన అడిపిక్ ఆమ్లం వస్తుంది. పెట్రోలియం నుంచి తప్ప రాదనుకున్న సరుకు చక్కెర నుంచి వచ్చింది. 1998లో వారికి అమెరికా ప్రభుత్వం బహుమతి ఇచ్చింది. కాని ఫ్యాక్టరీలలో అడిపిక్ ఆమ్లం ఈనాటికీ ప్రధానంగా పెట్రోలియం నుంచే వస్తోంది. చక్కెర కంటే అది చౌక.

వేరొక చిక్కు కూడా ఉంది. పెరుగు మరీ పులిస్తే ఆ పులుపుకు దాన్ని తోడుపెట్టిన బాక్టీరియాలే నీరసపడతాయి. పీపాలో కూడా అంతే. ఆమ్లం పేరుకునే కొద్దీ బాక్టీరియా నిస్త్రాణ పడుతుంది. అందుకని సున్నం కలుపుతూ పులుపు విరుస్తారు. చివర గంధకామ్లం పోసి ఆమ్లాన్ని విడదీస్తారు. అప్పుడు టన్ను లాక్టిక్ ఆమ్లానికి దాదాపు టన్ను జిప్సం మిగులుతుంది. ఆ గుట్టలను ఏం చేయాలి? అందుకని బాక్టీరియాలోని లాక్టిక్ ఆమ్లపు జన్యువును తీసి, పులుపును ఓర్చుకునే ఈస్టులో పెట్టే పద్ధతిని కార్గిల్ కంపెనీ పట్టుకుంది.

అంతా లాభాల కథే అనుకోకండి. కెనడాలోని సార్నియాలో బయోఆంబర్ అనే కంపెనీ 2015లో సంవత్సరానికి 30,000 టన్నుల సక్సినిక్ ఆమ్లం చేయగల ఫ్యాక్టరీ తెరిచింది. జన్యువులు మార్చిన సూక్ష్మజీవే పనివాడు. సూక్ష్మజీవి తన పని తాను చేసింది. కాని సరుకుకు తగినన్ని కొనుగోళ్ళు లేవు, పెట్రోలియం ధర పడిపోయి పోటీ సరుకు చౌకయింది. 2018లో కంపెనీ దివాలా తీసింది. ఇది చదివినప్పుడు నాకు మన ఆముదాల రైతే గుర్తుకు వచ్చాడు. పంట బాగా పండి ధర లేక మునిగిపోవడం రైతుకు ఒక్కడికే వ్రాసిపెట్టి లేదు.

ఇక ఆముదంతో నేరుగా పోటీ పడే ఆమ్లాలు. 1992లోనే జర్మనీకి చెందిన హెంకెల్ కంపెనీ శాస్త్రజ్ఞులు కాండిడా అనే ఈస్టు జన్యువులలో మార్పు చేశారు. ఆ ఈస్టు కొవ్వు గొలుసులను తిని అరిగించుకుంటుంది. అరిగించుకునే జన్యువులను పనిచేయకుండా ఆపి, గొలుసు చివర ఆమ్లపు ముడి వేసే జన్యువుల కాపీలు పెంచారు. తినలేని జీవి గొలుసుకు రెండు వైపులా ముడి వేసి బయటికి వదిలేస్తుంది. సెబాసిక్ ఆమ్లం ఆ కుటుంబానిదే. చైనాలో కాథే బయోటెక్ కంపెనీ ఈ జాతి పొడవు గొలుసుల ఆమ్లాలను పీపాలలో పులియబెట్టి ప్రపంచ మార్కెట్టునే పట్టుకుంది. 2022లో షాంక్సీ రాష్ట్రంలో సంవత్సరానికి 40,000 టన్నుల సెబాసిక్ ఆమ్లం చేసే ఫ్యాక్టరీ నడిపించింది. దాని మేత ఆముదం కాదు, పెట్రోలియం నుంచి వచ్చే మైనం జాతి ద్రవం.

ఇందులో మనకు తగిలేది ఏమిటంటే, అంతవరకు లోకంలో సెబాసిక్ ఆమ్లం ఎక్కువగా చేసినదీ చైనాయే, ఆ ఆమ్లానికి ఆముదం ఎక్కువగా కొన్నదీ మన దేశం నుంచే. లోకంలో ఆముదాలు పండించడంలో మన దేశానిదే అగ్రస్థానం. అందులో సింహభాగం గుజరాతుది. పాత పద్ధతిలో ఫీనాలు వంటి ద్రవాలు వాడడం వల్ల మురికినీటి బాధ ఎక్కువ. కొత్త పద్ధతిలో అది లేదని ఆ కంపెనీ వాదన. ఆ వాదనలో నిజం ఉంది, కాదనను. కాని ఏటేటా చేనులో మొలిచే దాన్ని వదిలి, భూమి లోపల నుంచి తోడిన నూనెను మేపడం పర్యావరణానికి మేలని చెప్పడం నాకు మింగుడు పడడం లేదు.

బాక్టీరియాలు కూడా రంగంలో ఉన్నాయి. జర్మనీకి చెందిన ఎవోనిక్ కంపెనీ 2013లో స్లొవేకియా దేశంలో ఒక నమూనా ఫ్యాక్టరీ పెట్టింది. సూడోమోనాస్ అనే నేల బాక్టీరియా జన్యువులు పెట్టిన ఇ. కోలికి పామాయిల్ గింజ నూనె నుంచి తీసిన కొవ్వు ఆమ్లం మేపి, పన్నెండు కర్బనాల ఎమినో ఆమ్లం చేయించింది. రిల్సాన్ నైలానుకు దగ్గరి దాయాది అయిన నైలాను-12కు అది ముడిసరుకు.

అదే 2013లో దక్షిణ కొరియాలోని ఎవ్హా మహిళా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధన మనకు మరింత దగ్గరిది. వారు ఇ. కోలికి తినిపించినది సాక్షాత్తు ఆముదపు రిసినోలిక్ ఆమ్లమే. ఇందాక చెప్పిన పన్నెండో కొక్కెం ఉంది కదా, మైక్రోకాకస్ అనే బాక్టీరియా జన్యువు ఒకటి ఆ కొక్కెం దగ్గర హైడ్రోజనును లాగేస్తుంది. సూడోమోనాస్ జన్యువు పక్కనే ఒక ఆక్సిజను పరమాణువును గొలుసులోకి దూరుస్తుంది. అక్కడ గొలుసు బలహీనపడి, మూడో ఎంజైము తగలగానే రెండు ముక్కలు అవుతుంది. ఒకటి ఏడు కర్బనాల హెప్టనోయిక్ ఆమ్లం, రెండవది పదకొండు కర్బనాల వేరొక ఆమ్లం. కొలిమి వేడి లేదు, కాస్టిక్ సోడా లేదు. మన వంటాముదం పొయ్యికి సరిపోయే వేడి కూడా అక్కరలేదు, గోరువెచ్చని నీళ్ళ వేడి చాలు. అది ఫ్యాక్టరీ కాదు, ప్రయోగశాల పనే. అయినా, చైనా సూక్ష్మజీవి ఆముదానికి పోటీదారు అయితే, ఈ కొరియా బాక్టీరియా ఆముదానికి కొనుగోలుదారు. బాక్టీరియా మంచిదా చెడ్డదా అని అడగడంలో అర్థం లేదు. దానికి వేసే మేత ఏమిటి, ఆ మేత ఎవరి చేనులోది అన్నదే అడగవలసిన ప్రశ్న.

ఒక గింజ ఆమ్లాన్నే కాదు, రంగును కూడా బాక్టీరియా చేయగలదు. కడప, కర్నూలు సీమల్లో నీలిమందు తొట్లు ఉండేవని పెద్దలు చెప్పుకునేవారు. 1897లో జర్మనీ వారి కృత్రిమ నీలిమందు వచ్చాక ఆ సేద్యం కుప్పకూలింది. 1983లో అమెరికాలో ఇ. కోలిలో సూడోమోనాస్ జన్యువులు పెడితే అది కూడా నీలిమందు చేసింది. అప్పటికి మన నీలి రైతులు చాలావరకు మిగలలేదు, పోటీ జర్మనీ ఫ్యాక్టరీతోనే.

ఇంత దూరం వచ్చాక గద్వాల గురించి చెప్పకపోతే వ్యాసం కుంటుపడుతుంది. బాక్టీరియాలో జన్యువు పెట్టడం ఒక దిక్కు. బాక్టీరియా జన్యువును మొక్కలో పెట్టడం రెండో దిక్కు. ఆ రెండో దిక్కు మనకు గద్వాల విత్తన పత్తి చేలలో కనిపిస్తుంది. బీటీ అన్న రెండక్షరాలు బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా పేరుకు పొట్టి రూపం. కాయతొలుచు పురుగును చంపే దాని జన్యువును పత్తిలో పెట్టారు. 2002 మార్చిలో కేంద్రం అనుమతించింది. ఆ అనుమతికి ఆధారమైన నిబంధనలు 1989 డిసెంబరు గెజెట్టులో వచ్చినవే. జన్యువులు మార్చిన సూక్ష్మజీవులకు కూడా అవే వర్తిస్తాయి.

సాయంత్రం మొగ్గ ఒలిచి, మరునాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి అద్ది, పువ్వు పువ్వుకూ చేసే ఆ సంకర విత్తనం పనిలో గద్వాల ప్రాంతం దేశంలోనే పేరెన్నికగన్నది. బడికి పోవలసిన ఆడపిల్లల చేత ఆ పని చేయించారన్న మచ్చ కూడా ఆ పేరును అంటుకునే ఉంది. అది మరచిపోకూడదు.

ఆ బీటీ పత్తి వచ్చాక మన ఎర్ర చలకలలో ఆముదం వెనక్కి తగ్గింది. ఒక్క బీటీ వల్లనే అనడం సరికాదు. బూజు తెగులు, ధర నిలకడ లేకపోవడం, గెలలు కోసి కొట్టడానికి కూలీలు దొరకకపోవడం, కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీళ్ళు వచ్చి కొన్ని గ్రామాలు వరికి మళ్ళడం, అన్నీ కలిశాయి. అయినా చలక రైతు ఆముదం మాని పత్తి వేసిన చోటల్లా ఆ పత్తి గింజలో ఒక బాక్టీరియా జన్యువు ఉంది. చైనా పీపా కంటే ముందే, మన చేనులోనే, ఆముదం ఒక బాక్టీరియా కాగితానికి చోటిచ్చి జరిగింది. ఆ పత్తికి కూడా గులాబీ రంగు పురుగు మళ్ళీ అలవాటు పడిందన్నది వేరే కథ.

మన సభ్యులలో కొందరికి ఇప్పటికీ నాలుగైదెకరాల చలక ఉంది, కౌలుకిచ్చి ఊరుకున్నారు. వారి పిల్లలలో బయోటెక్నాలజీ చదివినవారు, హైదరాబాదులో మందుల కంపెనీలలో పనిచేసేవారు ఉన్నారు. తండ్రి పొలానికీ కొడుకు ఉద్యోగానికీ సంబంధం లేదనే రెండు తరాలూ అనుకుంటున్నాయి. రిసినోలిక్ ఆమ్లం అనే మాట వారిలో ఎవరికైనా పరీక్షలో వచ్చి ఉంటుంది గాని, అది తాతగారి చేను గెలలో ఉండేదని చెప్పినవారు ఉండరు. పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు ఈ వ్యాసం వారి చేత చదివించండి, నేను ఎక్కడైనా సాంకేతిక పదం పొరపాటుగా వాడితే వారే దిద్దుతారు. పాలెంలో గింజ మీద పనిచేసేవారు ఉన్నారు, తార్నాకలో ఆ గింజ నూనె మీద పనిచేసినవారి పరంపర ఉంది. పాలెం నుంచి తార్నాకకు బస్సులో మూడు గంటల ప్రయాణం.